తెర మీద కేకలు: నకిలీ యాంటీవైరస్‌ను గుర్తుపట్టడం, తీసేయడం

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, పదవీ విరమణ చేసినవారి సమావేశంలో కంప్యూటర్ రిపేరు షాపు నడిపే ఒకరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడినట్టే రాసి, తిరిగి తిరిగి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకా దగ్గరగా పెట్టుకుంటాను.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మర్రిపాలెం నుంచి ఒకావిడ దొండపర్తిలో మా షాపుకి ఆటోలో వచ్చారు. ఒళ్ళో లాప్‌టాప్ ఉంది, మూత తెరిచే ఉంది. ఆటో కుదుపులకి ఎక్కడ మూసుకుపోతుందోనని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. దిగాక కూడా మూత వేయలేదు. అందులోంచి కీ కీమని ఒకటే మోత. తెర మీద ఎర్ర రంగులో, ఇంగ్లీషులో, ‘మీ కంప్యూటర్ ఆపవద్దు, ఆపితే డేటా అంతా పోతుంది’ అని ఉంది. ఆవిడ ఆ మాట నమ్మారు. మనవడి బారసాల ఫోటోలు, కాలం చేసిన భర్తగారి పెన్షన్ కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి మరి. రాత్రంతా ఛార్జర్ పెట్టి, ఆ మోత వింటూ పక్కనే కూర్చున్నారట. నిద్ర లేదు, తిండి లేదు.

నేను చేసిన పని ఇంతే. ఎస్కేప్ మీట నొక్కి కొన్ని సెకన్లు అలాగే పట్టుకున్నాను. ఫుల్ స్క్రీన్ పోయింది. పైన బ్రౌజర్ పట్టీ, మూలన ఇంటూ గుర్తు కనిపించాయి. మూసేశాను, మోత ఆగింది. తరవాత పూర్తిగా స్కాన్ చేసి చూశాను, ఒక్క వైరస్ కూడా లేదు. ఆవిడ రాత్రంతా కాపలా కాసింది ఒక వెబ్ పేజీకి.

ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చారు. నాకు డబ్బు తీసుకోబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే మీ కార్యదర్శి గారికి ఫోన్ చేసి, ఒక్క గంట ఇవ్వండి మాస్టారూ, ఈ సంగతి మన పెద్దవాళ్లకి చెప్పాలి అన్నాను. అందుకే ఇలా వచ్చాను.

ఈ మోసం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 2008 ప్రాంతంలో ద్వారకానగర్, అక్కయ్యపాలెం నెట్ సెంటర్లలో ఏ సిస్టమ్ తెరిచినా ‘యాంటీవైరస్ ఎక్స్‌పీ 2008’ అని ఒకటి కూర్చుని ఉండేది. ఆ మరుసటి ఏడాది పేరు చివర 2009 వచ్చింది. చూడటానికి అచ్చం విండోస్‌లో భాగంలాగే డాలు బొమ్మతో ఉండేది. స్కాన్ చేస్తున్నట్టు ఒక గీత పాకేది. వందల వైరస్‌లు దొరికాయనేది. తీయాలంటే కార్డు నంబరు కొట్టమనేది. డబ్బు కడితే ఎర్ర రంగు పోయి ఆకుపచ్చ రంగు వచ్చేది. ముందూ ఏమీ లేదు, తరవాతా ఏమీ తీయలేదు, మారింది రంగు ఒక్కటే.

దీన్ని నడిపినవాళ్లు ఎవరో ఇద్దరు ముగ్గురు ఆకతాయి కుర్రాళ్లు అనుకోకండి. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో ఇన్నోవేటివ్ మార్కెటింగ్ అనే కంపెనీ మీద కేసు వేసింది. విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్, ఎర్రర్‌సేఫ్, ఎక్స్‌పీ యాంటీవైరస్, ఇలా పేర్లు వేరు వేరు, వంటిల్లు ఒక్కటే. పది లక్షల మందికి పైగా మోసపోయారని ఆ కమిషన్ చెప్పింది. 2012లో ఆ కేసులో 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాలని కోర్టు తీర్పు ఇచ్చింది. మోసపోయిన ఆ పది లక్షల మందిలో డాక్టర్లు ఉండుంటారు, లెక్చరర్లు ఉండుంటారు. చదువు లేక మోసపోయారు అనే మాట దయచేసి ఎవరూ అనకండి. భయపడితే ఎవరి బుర్రయినా ఆగిపోతుంది.

హెచ్చరికలు మనకి కొత్తా? సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం. పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే దాని అర్థం ఏమిటో ఫిషింగ్ హార్బర్‌లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదికి వచ్చింది. అంతకుముందు ఎన్ని రోజుల నుంచి చెప్తూ వచ్చారో గుర్తుందా? తుపాను హెచ్చరికల కేంద్రం వాళ్లు తుపాను ఎక్కడుందో, ఎటు వస్తోందో, గాలి ఎంత వేగంగా వీస్తుందో చెప్పారు. మనం ఏం చేయాలో చెప్పారు. సర్దుకోవడానికి, పక్కవాళ్లని అడగడానికి, ఊరు మారడానికి టైమిచ్చారు. ఈ నంబరుకి ఫోన్ చేసి ఐదు వేలు కడితే తుపాను మళ్లిస్తాం అని ఎవరూ అనలేదు.

నకిలీ యాంటీవైరస్ మనకి ఇవ్వనిది ఆ టైమే. తెర మీద గడియారం పెడుతుంది. ఐదు నిమిషాలు, నాలుగు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు, యాభై ఎనిమిది... కింద మోత, పైన అంకెలు. పక్కగదిలో ఉన్న కొడుకుని పిలిచే వ్యవధి కూడా ఇవ్వకూడదని దాని ఎత్తు. నేను ఈ సాయంత్రం చెప్పబోయేదంతా ఆ ఐదు నిమిషాలూ ఎలా గడపాలన్న దాని గురించే.

మొట్టమొదట చూడాల్సింది, ఇది ఎక్కడినుంచి మాట్లాడుతోంది అని. బ్రౌజర్‌లోంచా, అంటే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటివాటిలోంచా, లేక బ్రౌజర్ అంతా మూసేసినా వస్తోందా? బ్రౌజర్‌లోంచి అయితే నూటికి నూరుపాళ్లూ అబద్ధం. ఎందుకంటే ఒక వెబ్ పేజీ మీ హార్డ్ డిస్క్‌లోకి వెళ్లి ఫైళ్లు వెతకలేదు. బ్రౌజర్ దానికి ఆ దారి ఇవ్వదు. మీకు కనిపించే స్కాన్ ఒక కదిలే బొమ్మ. సినిమాలో వర్షం లాంటిది.

నేనే చూసిన రుజువు చెప్తాను. మా షాపులో ఒక పాత సిస్టమ్‌లో విండోస్ బదులు లినక్స్ వేసి ఉంచుకున్నాను. లినక్స్‌లో సి డ్రైవ్ అనేదే ఉండదు. ఇలా ఒక కస్టమరుకి వచ్చిన పేజీని దాంట్లో తెరిచి చూశాను. ‘మీ సి డ్రైవ్‌లో, విండోస్ సిస్టమ్32 ఫోల్డర్లో ఐదు వైరస్‌లు దొరికాయి’ అంది. ఇంటికి లేని మేడ మీద గదిలో దొంగ ఉన్నాడని చెప్పినట్టు. మళ్లీ తెరిస్తే మళ్లీ ఐదే. మీరు ఇంట్లో ఇలాంటి పరీక్షలు చేయకండమ్మా, అది నా పని కాబట్టి నేను చేశాను.

రెండో గుర్తు ఫోన్ నంబరు. వైరస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉందంటే ఇంక ఆలోచించక్కర్లేదు. విండోస్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు పెట్టబోమని మైక్రోసాఫ్ట్ ఎన్నోసార్లు చెప్పింది. వాళ్లంతట వాళ్లు మీకు ఫోన్ చేయరు కూడా.

మరి మూసేదెలా? ముందు ఎస్కేప్ నొక్కి పట్టుకోండి. పోకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్ కొట్టండి. ఇవేవీ చేతకాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. సేవ్ చేయని ఉత్తరం ఏదైనా తెరిచి ఉంటే అది పోవచ్చు, ఫోటోలు ఎక్కడికీ పోవు. మళ్లీ ఆన్ చేసినప్పుడు బ్రౌజర్ ‘పాత పేజీలు తిరిగి తెరవమంటారా’ అని అడుగుతుంది. అక్కడ రీస్టోర్ నొక్కారంటే దయ్యాన్ని మళ్లీ పిలిచినట్టే. వద్దనండి.

ఇప్పుడు ఈ మధ్య నా దగ్గరికి అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న రకం. ‘బాబూ, పేజీ మూసేశాను, సిస్టమ్ ఆపి ఆన్ చేశాను, అయినా కుడిపక్క కింది మూలన చిన్న డబ్బా వస్తూనే ఉంది, మీ మెకాఫీ గడువు అయిపోయింది అంటోంది, మా ఇంట్లో మెకాఫీ ఎప్పుడూ లేదే’ అంటారు. మెకాఫీ నిజమైన యాంటీవైరస్ కంపెనీయే, దానికి దీనితో సంబంధం లేదు, వాళ్ల పేరు, బొమ్మ దొంగిలించి వాడతారు. నార్టన్ పేరూ అంతే.

జరిగేది ఇది. మీరు ఎక్కడో ఫ్రీగా పాత సినిమా చూద్దామనో, ఏదో పీడీఎఫ్ దించుకుందామనో ఒక సైటు తెరుస్తారు. ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలవ్ నొక్కండి’ అంటుంది. మీరు నొక్కుతారు. అలా నొక్కడంతో ఆ సైటుకి మీ తెర మీద నోటిఫికేషన్లు వేసుకునే హక్కు ఇచ్చారు. ఇంక రోజుకి ఇరవై సార్లు వైరస్ వైరస్ అని అరుస్తూ ఉంటుంది. మీ ఇంటి గోడ మీద బోర్డు పెట్టుకోమని మీరే తాళం చెవి ఇచ్చినట్టయింది. శుభవార్త ఏమిటంటే సిస్టమ్‌లో ఏమీ దూరలేదు, ఆ డబ్బా మీద నొక్కనంత వరకూ. ఆ డబ్బాలోనే సన్న అక్షరాలతో బ్రౌజర్ పేరు, ఏదో వింత సైటు పేరు ఉంటాయి, కళ్లజోడు పెట్టుకుని చూడండి.

తీసేయడం రెండు నిమిషాల పని. క్రోమ్‌లో పైన కుడి మూలన మూడు చుక్కలు, అందులో సెట్టింగ్స్. ఎడమవైపు ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. కిందికి వస్తే, అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీరు ఎప్పుడూ వినని పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కదాని పక్కన మూడు చుక్కలు నొక్కి రిమూవ్ కొట్టండి. నన్నడిగితే అన్నీ తీసేయండి, బ్యాంకు సైటుది కూడా. ఏదీ ఆగిపోదు. పైనే ‘నోటిఫికేషన్లు పంపడానికి సైట్లను అడగనివ్వవద్దు’ అనే అర్థంలో ఒక ఎంపిక ఉంటుంది, అది పెట్టేస్తే ఈ తలనొప్పి మళ్లీ రాదు. మా షాపుకి వచ్చే పెద్దవాళ్లందరికీ నేను అదే పెట్టి పంపుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్‌లో కూడా దాదాపు ఇదే దారి.

ఒక మాట. నిజంగా డబ్బు కట్టి యాంటీవైరస్ కొనుక్కున్నవాళ్లకి నిజమైన రెన్యువల్ రిమైండర్లు కూడా వస్తాయి. ఏది నిజమో ఎలా తెలుస్తుంది అంటే, వచ్చిన డబ్బా మీద నొక్కవద్దు. స్టార్ట్ మెనూలోకి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌ని మీ చేత్తో మీరు తెరవండి. గడువు నిజంగా అయిపోతే లోపల అదే చెప్తుంది. ఈమెయిల్‌లో ‘మీ సబ్‌స్క్రిప్షన్‌కి ఇన్ని వేలు కట్ అయ్యాయి, వద్దనుకుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని బిల్లు వస్తే బ్యాంకు పాస్‌బుక్ చూసుకోండి. డబ్బు కట్ కాలేదంటే ఆ ఉత్తరం వల, ఆ నంబరే గాలం.

ఇక అసలు కష్టమైన రకానికి వద్దాం. ఇది పేజీ కాదు, నిజంగా సిస్టమ్‌లోకి దిగిన ప్రోగ్రామ్. బ్రౌజర్ మూసినా ఉంటుంది, ఆన్ చేయగానే అదే ముందు లేస్తుంది. ఎలా వస్తుంది? ఎక్కువగా ‘క్రాక్’ వేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరిచిన సాఫ్ట్‌వేర్లతో వస్తుంది. గూగుల్‌లో ఫ్రీ యాంటీవైరస్ అని కొట్టి మొట్టమొదట కనిపించిన ప్రకటన మీద నొక్కితే రావచ్చు. ఏదో పీడీఎఫ్ కన్వర్టర్ వేసుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతే దాని తోకకి కట్టుకుని వస్తుంది. 2024 నుంచి ఇంకో పద్ధతి బాగా పాకింది. ‘సమస్య పోవాలంటే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వి నొక్కండి, ఎంటర్ కొట్టండి’ అని ఒక పేజీ చెప్తుంది. మీకు తెలియకుండా ఆ పేజీ ఒక ఆదేశాన్ని కాపీ చేసి పెట్టి ఉంచుతుంది. మీ చేతులతోనే దాన్ని నడిపిస్తుంది. ఏ వెబ్‌సైటు చెప్పినా ఆ మూడు పనులూ చేయకండి. ఇది రాసుకోండి, దయచేసి.

ఇలా దిగిన ప్రోగ్రామ్ లక్షణాలు కొన్ని చెప్తాను. మీరు వేయకుండానే వస్తుంది. మీ అసలు యాంటీవైరస్‌ని ఆపేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరవనివ్వదు, తెరిస్తే ‘ఈ ఫైలుకి వైరస్ ఉంది’ అంటుంది. పాతవాటిలో కొన్ని ఇంకా దుర్మార్గం చేసేవి. డెస్క్‌టాప్ మీది ఫైళ్లన్నీ దాచేసి, హార్డ్ డిస్క్ పాడైంది, బాగు చేయాలంటే కొనండి అనేవి. జనం ఫైళ్లు పోయాయని, డిస్క్ మొత్తం చెరిపేసే ఫార్మాట్ కొట్టించేసేవారు. నిజానికి ఫైళ్లు అక్కడే ఉండేవి, హిడెన్ అని గుర్తు పెట్టి దాచేది అంతే. ఆ సంగతి తెలియక ఒక పెళ్లి ఆల్బమ్ మొత్తం పోగొట్టుకున్న కుటుంబం నాకు తెలుసు. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే ఫార్మాట్ అయిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తీయడం ఇలా. మొదట నెట్ ఆపండి, వైఫై కట్టేయండి, లేదా వైరు పీకేయండి. అది బయటివాళ్లతో మాట్లాడే దారి మూసుకుపోతుంది. తరవాత సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీల ప్రకారం వరస పెట్టండి. గొడవ మొదలైన రోజున వచ్చినవి పైన కనిపిస్తాయి. మీరు వేయనిది ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వెళ్లేటప్పుడు ‘నిజంగా తీసేస్తారా, మీ సిస్టమ్ ప్రమాదంలో పడుతుంది’ అని మళ్లీ బెదిరిస్తుంది, పట్టించుకోకండి.

అలా పోకపోతే సేఫ్ మోడ్. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. అప్పుడు వచ్చే జాబితాలో 4 నొక్కితే నెట్ లేని సేఫ్ మోడ్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకి తప్పనిసరైన ప్రోగ్రాములతో మాత్రమే లేస్తుంది, చాలా నకిలీలు అప్పుడు నిద్రలోనే ఉంటాయి. నిద్రలో ఉన్నదాన్ని తీయడం తేలిక. కొన్ని కొత్త లాప్‌టాప్‌లు ఈ దారిలో బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే డిస్క్‌కి వేసిన తాళం తీసే నంబరు, అడుగుతాయి. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే మధ్యలో ఇరుక్కుంటారు.

సాధారణ విండోస్‌లోకి తిరిగి వచ్చాక విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్. అందులో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అది సిస్టమ్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవక ముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. దాని తరవాత ఫుల్ స్కాన్ పెట్టండి, అది గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీది, లేదా మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ వాడొచ్చు, కానీ వాళ్ల సొంత సైట్ల నుంచే దించుకోవాలి. మన ప్రభుత్వం, సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ ద్వారా, 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత శుభ్రపరిచే టూల్స్ ఉన్నాయి.

పోయింది కదా అని అక్కడితో ఆపకండి. ఇల్లు ఊడ్చాక మూలలు చూసినట్టు మూడు మూలలు చూడాలి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఒక మూల, తెలియనివి తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ రెండో మూల. మూడోది నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ. ఇళ్లలో వాడే సిస్టమ్‌లో మాన్యువల్ ప్రాక్సీ సాధారణంగా ఆఫ్‌లో ఉండాలి, నకిలీలు దాన్ని ఆన్ చేసి మీ నెట్ అంతా వాళ్ల దారిలో తిప్పుతాయి. చివరగా విండోస్ సెక్యూరిటీలో రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నకిలీ పోతూ పోతూ తలుపు తీసి వదిలేసి ఉండొచ్చు.

ఇంక నాకు చెప్పడానికి కష్టంగా ఉండే భాగం. మా మావయ్య గురించి. ఆయనే చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను. స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు, కూర్మన్నపాలెంలో ఉంటారు. కరిగిన ఇనుము పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఒక రోజు తెర మీద మోత వచ్చింది, నంబరు ఉంది, ఫోన్ చేశారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడట. ఎనీడెస్క్ అని, దూరం నుంచే మన సిస్టమ్ నడిపే ప్రోగ్రామ్ వేయించాడు, సిస్టమ్ చేతిలోకి తీసుకున్నాడు. ఈవెంట్ వ్యూయర్ అని, విండోస్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా తెరిచి ఎర్ర గుర్తులు చూపించి ‘ఇవన్నీ వైరస్‌లే సార్’ అన్నాడు. ఆ ఎర్ర గుర్తులు నా సిస్టమ్‌లో ఉన్నాయి, మీ అందరి సిస్టమ్‌లలో ఉన్నాయి. ప్రింటర్ ఒక్కసారి స్పందించకపోయినా అక్కడ ఒక ఎర్ర గుర్తు పడుతుంది. ఆయనకి తెలియదు. ఐదేళ్ల రక్షణ అని పద్నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలు కట్టారు.

తరవాత ఆయనకే అనుమానం వచ్చింది. కానీ ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకి చెప్పలేదు, షాపు నడుపుతున్న మేనల్లుడిని, నాకూ చెప్పలేదు. ‘ఇంత వయసొచ్చి మోసపోయానంటే ఏమంటారు’ అనుకున్నారట. నాలుగు నెలల తరవాత మళ్లీ ఫోన్. ‘మా కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు వెనక్కి ఇస్తాం’ అన్నారు. మళ్లీ ఎనీడెస్క్, ఈసారి బ్యాంకు లాగిన్. అరవై రెండు వేలు పోయాయి. అప్పుడు చెప్పారు.

మొదటిసారే నాకు చెప్పి ఉంటే రెండోది జరిగేది కాదు. ఆయన చెప్పలేకపోవడంలో నా తప్పు కూడా ఉంది. అంతకు ముందు ఒకసారి ఆయన ఏదో నొక్కి సిస్టమ్ హ్యాంగ్ అయితే నేను విసుక్కున్నాను. ఆ విసుగు ఆయనకి గుర్తుండిపోయింది. ఇక్కడ పిల్లలు ఎవరైనా వచ్చి ఉంటే, బాబూ, అమ్మా, మీకు చెప్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఏదో నొక్కేశామని చెప్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ‘ఎందుకు నొక్కావు’ అన్న మాట మాత్రం అనకండి.

ఫోన్ చేసేశారు, ఎనీడెస్క్ వేసేశారు, అప్పుడేం చేయాలి? వెంటనే నెట్ కట్టేయండి. ఆ రిమోట్ ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వేరే ఫోన్ నుంచి, ఆ సిస్టమ్ నుంచి కాదు, బ్యాంకు పాస్‌వర్డు, ఈమెయిల్ పాస్‌వర్డు మార్చండి. కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. గూగుల్‌లో వెతికి దొరికిన బ్యాంకు నంబరుకి చేయకండి, అక్కడ కూడా నకిలీలు ఉంటారు. డబ్బు పోయి ఉంటే 1930. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాతపూర్వకంగా కూడా ఫిర్యాదు ఇవ్వాలి. ఎంత తొందరగా చెప్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధన ప్రకారం, మీరే ఓటీపీ చెప్పేసి ఉన్నా, బ్యాంకుకి తెలియజేసిన తరవాత జరిగే నష్టం బ్యాంకుదే. తెలియజేసే దాకా జరిగింది మీది. అందుకని సిగ్గుపడి దాచిన ప్రతి గంటా మీ జేబులోంచే పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి కాల్ సెంటర్లు చాలావరకు ఎక్కడో పరాయి దేశంలో లేవు. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో చేసిన దాడుల్లో, మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద, మన దేశం నుంచే విదేశీయులని మోసం చేస్తున్న కాల్ సెంటర్ల గుట్టు కూడా బయటపడింది. మన పిల్లలు మధురవాడలోనో, ఇంకో ఊళ్లోనో రాత్రి షిఫ్టు ఉద్యోగం వచ్చిందంటే సంతోషిస్తాం. ఏం అమ్ముతున్నారు నాన్నా, ఎవరికి ఫోన్ చేస్తున్నారు అని ఒక్కసారి అడగండి. అవతల ఫోనెత్తేది కూడా ఎవరికో మావయ్యే.

మా వృత్తి గురించి కూడా దాచకుండా చెప్తాను. అమెరికాలో ఆఫీస్ డిపో అని పెద్ద దుకాణాల సంస్థ ఉంది. కంప్యూటర్ ఉచితంగా చూస్తాం అని ఒక ప్రోగ్రామ్ నడిపేవారు. మొదట్లో కస్టమరుని నాలుగు ప్రశ్నలు అడుగుతారు, సిస్టమ్ స్లో అయిందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, ఇలాంటివి. ఒక్కదానికి అవునని టిక్ పెట్టినా, స్కాన్‌లో ఏం దొరికినా దొరకకపోయినా, మాల్‌వేర్, అంటే చెడ్డ ప్రోగ్రాముల లక్షణాలు ఉన్నాయని చూపించేది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2019లో ఆ సంస్థ రెండున్నర కోట్ల డాలర్లు, ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థ కోటి డాలర్లు కట్టాయి. కౌంటర్ వెనక నిలబడ్డవాడు అబద్ధం చెప్తే కస్టమరుకి తెలిసే దారి లేదు. అందుకే చెప్తున్నాను, ఏ షాపువాడైనా, నేనైనా సరే, వైరస్ ఉంది అంటే ‘ఏది, పేరు చూపించు’ అని అడగండి. డిఫెండర్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ అని ఉంటుంది, దొరికినవాటి పేరు, తేదీ, ఏ ఫోల్డర్లో ఉంది అన్నీ ఉంటాయి. చూపించలేకపోతే డబ్బు ఇవ్వకండి.

ఫోన్ల గురించి రెండు ముక్కలు. 2014లో గూగుల్ ప్లేలో వైరస్ షీల్డ్ అని ఒక యాప్ వచ్చింది, 3.99 డాలర్లు. పది వేల మందికి పైగా కొన్నారు. అది చేసిన పనల్లా, నొక్కితే డాలు బొమ్మ మీద ఇంటూ గుర్తు మారి టిక్ గుర్తు రావడం. 2019లో ఏవీ-కంపారటివ్స్ అనే పరీక్షా సంస్థ 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లు పరీక్షిస్తే, కనీసం ముప్పై శాతం చెడ్డ యాప్‌లను పట్టుకుని, మంచివాటిని తప్పుగా పట్టుకోకుండా ఉన్నవి 80 మాత్రమే. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ సొంత రక్షణ ఆన్‌లో ఉంచండి, యాప్‌లు వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నుంచి వేసుకోకండి. ‘ఫోన్ క్లీనర్’, ‘బ్యాటరీ డాక్టర్’ లాంటివి అక్కర్లేదు.

ప్రశ్నలున్నాయా? చెప్పండి సార్.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా, వద్దా అంటున్నారు. ఇంట్లో ఈమెయిల్, యూట్యూబ్, బ్యాంకు పని చేసుకునేవాళ్లకి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. కొంటే తప్పు లేదు, పేరున్న కంపెనీది వాళ్ల సొంత సైటులోనో, నమ్మకమైన షాపులో డబ్బాగానో కొనండి. అంతకన్నా ముఖ్యమైనది విండోస్ అప్‌డేట్. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. మీ సిస్టమ్ విండోస్ 11కి సరిపోతే మార్చుకోండి. సరిపోకపోతే నాకు చూపించండి, ఏం చేయొచ్చో చెప్తాను. కొత్తది కొనమని వెంటనే అనను.

అమ్మా, మీరు. ఫార్మాట్ కొట్టించేస్తే నకిలీలన్నీ పోతాయి కదా అంటున్నారు. పోతాయి, చాలావరకు. కానీ ఫోటోలు కూడా పోతాయి, ముందు బ్యాకప్ తీయాలి. ఇంకోటి, ఫార్మాట్ అయ్యాక క్రోమ్‌లో మళ్లీ మీ అకౌంట్‌తో లాగిన్ అయి సింక్ పెడితే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ తిరిగి వచ్చేస్తాయి, చెడ్డది కూడా వాటితో వస్తుంది. అందుకని ఫార్మాట్‌కి ముందే దాన్ని తీసేయాలి. నేను ఫార్మాట్ చివరి మార్గంగానే పెట్టుకుంటాను.

ఆ మర్రిపాలెం అమ్మగారు ఎలా ఉన్నారని అడుగుతున్నారా? బాగున్నారండి. మొన్న ఫోన్ చేశారు. మళ్లీ ఆ మోత వచ్చిందట. ఎస్కేప్ నొక్కి పట్టుకుని మూసేసి, రీస్టోర్ వద్దని కొట్టి, అప్పుడు నాకు చెప్పారు.

సరే, లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఈ బల్ల దగ్గరికి రండి. ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయి, ఛార్జింగ్ తక్కువ ఉన్నవి ముందు చూద్దాం. మాస్టారూ, మీది ఇటు పెట్టండి. ఆన్ చేయండి. పాస్‌వర్డు నాకు చెప్పకండి, మీరే కొట్టండి. నేను అటు తిరుగుతాను.